గెడ్డ దగ్గర ఆగని బండి

జనవరి తెల్లవారుజామున ఓ పాతిక కిలోమీటర్లు బండి నడిపి దిగాక, మీ చొక్కా గుండీ మీరే విప్పుకోగలరా? నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరే నిజం చెప్పుకోండి. విప్పుకోలేకపోతే, ఆ వేళ్ళకే ప్రాణం అప్పగించి అంతదూరం వచ్చారని అర్థం. ఈ సంగతి నాకు ఇవాళ కొత్తగా తెలియలేదు. ఆరేళ్ళుగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇవాళ పొద్దున్న మా మేడమీద అద్దెకుండే టీచరమ్మ, తనకు తెలియకుండానే, నా నోరు తెరిపించింది. ఆవిడ కన్నవారిది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆదివారం అక్కడ గడిపి సోమవారం చీకటితోనే స్కూటరు మీద రాజాం వచ్చేస్తుంది. ఇవాళ ఆరున్నరకి మా గేటు ముందు దిగి, స్టాండు వేసి, నెత్తిన హెల్మెట్‌తో అలాగే నిలబడిపోయింది. పేపరు కోసం నేను బయటికి వస్తే, గడ్డం పైకెత్తి, "సార్, ఈ క్లిప్పు కాస్త తియ్యండి. ఏళ్ళు నా మాట ఇనట్లేదు" అంది.

తీశాను. ఆవిడ వేళ్ళు నీలంగా, కొంగ కాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నాయి. మోటారు సైకిలుకి కనీసం ఒక బ్రేకు కాలికింద ఉంటుంది. స్కూటరుకి రెండూ చేతిలోనే. "మధ్యలో ఎక్కడైనా ఆగి చేతులు కాచుకోకపోయావా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వింది. "ఇప్పుడెవులు ఆగుతన్నారు సార్? ఇదివరకు గెడ్డ కాడ గడ్డి కాల్చి గానీ కదిలీవోరు కాదు. మీ ఉపన్యాసం ఇన్నాక మా ఊరోళ్ళు మానేసినారు. మా ఊరికి తెలివి తెప్పించిన మనిషని మా నాన్న ఇప్పటికీ మీ పేరు సెప్తాడు." అది పొగడ్త. ముప్పై ఏళ్ళుగా సభల్లో నిలబడి నేను కోరుకున్న పొగడ్త. పేపరు చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను. చలి ఆవిడకి పట్టింది, వణుకు నాకొచ్చింది.

ఆ ఉపన్యాసంలో ఒక అబద్ధం ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా బావ చెయ్యి గురించి చెప్పాలి. మా బావ అంటే మా అక్క భర్త. ధాన్యం వ్యాపారి. కొట్టు రాజాంలో, మనసు మాత్రం ఎప్పుడూ రైతుల కళ్ళాల్లో. నూర్పుల రోజుల్లో మిగతా వ్యాపారులకన్నా ముందు కళ్ళం చేరాలని, తెల్లవారకముందే బండి తీసేవాడు. ధాన్యం రాశి దగ్గర చెప్పులు విడిచి, కుడిచెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి, పిడికెడు గింజలు అక్కడే నలిపి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగేవాడు. తరవాత, "ఇంకో రెండెండలు కావాల" అనో, "బస్తాలకెత్తీండి" అనో తేల్చేవాడు. మిల్లులో తేమ కొలిచే మిషను ఉండేది. రైతులు ఆ మిషన్ని అనుమానించేవారు గానీ ఈ చేతిని అనుమానించేవారు కాదు. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మనని ఊరూరా చాటుకునే నేను కూడా ఆ చేతిని నమ్మేవాణ్ణి. ఎందుకంటే పదిసార్లు మిషనుతో సరిచూశాను. పదిసార్లూ చెయ్యే నెగ్గింది.

చలికాలం బండి ప్రయాణానికి ఆయన తయారయ్యే తీరు చూడ్డానికి వీధి అరుగుల మీద జనం కూర్చునేవారు. ముందు బనీను, దాని మీద చొక్కా, ఆ రెంటి మధ్య గుండెకి అడ్డంగా మడత పెట్టిన దినపత్రిక. గాలి దూరకుండా కాగితాన్ని మించింది లేదని ఆయన అనుభవం. నా వ్యాసం పడిన రోజు పేపరుని ప్రత్యేకంగా దాచి వాడేవాడు. "నీ రాతలు సదివితే బుర్ర ఏడెక్కుతాది, పెట్టుకుంటే గుండె ఏడెక్కుతాది బామ్మర్దీ" అనేవాడు. దాని మీద ఖాకీ కోటు, మెడకి మఫ్లరు, నెత్తికి మంకీ టోపీ. చేతులకి మాత్రం ఏమీ ఉండేవి కావు. తొడుగులు వేసుకుంటే గింజ తెలీదట. బండి నడిపేటప్పుడు గింజతో పనేమిటని అడిగితే, "ఏళ్ళకి అలవాటు తప్పిపోతాది" అనేవాడు. హెల్మెట్ కూడా వద్దనేవాడు. ఆ విషయంలో నేను రెండేళ్ళు పోట్లాడాను. ఇంటికి వెళ్ళినప్పుడల్లా అదే గొడవ. చివరికి, "ఈడి పోరు పడలేక కుండ బోర్లించుకుంటన్నాను" అంటూ మంకీ టోపీ మీదే హెల్మెట్ ఎక్కించడం మొదలెట్టాడు. ఆ గెలుపు నాకు బాగా తలకెక్కింది. ఒకటి గెలిచాను కదా, రెండోదీ గెలవాలనుకున్నాను.

రెండోది గెడ్డ. రాజాం నుంచి చీపురుపల్లి వెళ్ళే దారిలో దాదాపు సగం దూరాన పల్లంలో ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది. ఏడాదిలో చాలా నెలలు ఇసకే. చలికాలంలో మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ మంచంతా అక్కడికే దిగి పడుకుంటుంది. వంతెన పక్కన పసుపు పూసిన మోకాలెత్తు రాయి. గెడ్డమ్మ తల్లి. ధనుర్మాసపు నెలగంట పెట్టినప్పటినుంచి శివరాత్రి దాకా ఆ దారిన పొద్దున్నే బండి మీద వెళ్ళేవాళ్ళంతా తల్లికి చలి కాయాలి. అదీ అక్కడి ఆచారం. ఇంటి దగ్గరే ఎండుగడ్డి మెలితిప్పి చిన్న చుట్టగా కట్టి బండికి తగిలించుకుంటారు. గెడ్డ దగ్గర బండి దిగి, ఇంజను ఆపి, రాయి ముందు ఆ గడ్డి అంటిస్తారు. మంట ఆరేదాకా అరచేతులు రెండూ తల్లి వైపు చాపి నిలబడాలి. మండుతున్న నిప్పుని వదిలి వెళ్తే తల్లి మూతి ముడుచుకుంటుందట. అంతా కలిపి రెండు నిమిషాలు. బూడిద నుదుట పెట్టుకుని మళ్ళీ బండెక్కుతారు.

బావ వెనక కూర్చుని వెళ్ళిన ప్రతిసారీ ఈ రెండు నిమిషాలూ నాకు రెండు గంటల్లా ఉండేవి. దూరంగా చేతులు కట్టుకుని నిలబడి, "రాయికి చలేమిటి బావా? వేసవిలో విసనకర్ర కూడా తెస్తావా?" అనేవాణ్ణి. ఆయన మంట మీంచి కళ్ళు తిప్పకుండా, "నీకేటి పోయింది? రెండు నిమిషాలు నిలబడితే నీ సిద్ధాంతం కరిగిపోతాదేటి?" అనేవాడు. పక్కన ఆగిన బండ్లవాళ్ళు నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ మండే ఒంటితోనైనా మంట దగ్గరికి వెళ్ళి ఒక్కసారి చేతులు చాపి ఉంటే, ఆ ఆచారం లోపల ఏముందో నాకు తెలిసేది. వెళ్ళలేదు. నాకు అంతా ముందే తెలుసు కదా!

ఆరేళ్ళ క్రితం, పుష్యమాసం. మూఢనమ్మకాల మీద మాట్లాడడానికి నన్ను విశాఖ పిలిచారు. చీపురుపల్లిలో రైలెక్కాలి. బావకి ఆ వైపే ఏదో కళ్ళం చూడాల్సిన పని ఉంది, ఎక్కమన్నాడు. దారంతా మంచు. తాటిచెట్లు దగ్గరికి వచ్చేదాకా మనుషుల్లా నిలబడి, వచ్చాక చెట్లవుతున్నాయి. నేను బావ వీపు వెనక ఒదిగి, రెండు చేతులూ ఆయన కోటు జేబుల్లో పెట్టుకుని హాయిగా కూర్చున్నాను. జేబుల్లో వేయించిన వేరుశనగ కాయలున్నాయి. నోటికి అందక తినలేదు గానీ, వేళ్ళతో వాటిని దొర్లిస్తూ సభలో చెప్పబోయే మాటలు మనసులో దిద్దుకుంటున్నాను. ఈ జేబుల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా చేతులు ఆ పొద్దున్న అంతసేపూ వెచ్చగానే ఉన్నాయి. ముందు కూర్చున్న మనిషివి గాలికి ఎదురుగా, ఉత్త చేతులు.

గెడ్డ దగ్గర బండి నెమ్మదించింది.

"ఆపకు బావా" అన్నాను.

"గడ్డి తెచ్చినానురా. సిటికిలో కాల్చీసి ఎల్లిపోదాం."

"ఇవాళ నేను దేని మీద మాట్లాడబోతున్నానో తెలుసు కదా? పొద్దున్నే రాయికి చలి కాచి, మధ్యాహ్నం మూఢనమ్మకాల మీద మాట్లాడమంటావా? పద, రైలు తప్పిపోతుంది."

రైలు తప్పిపోదు. స్టేషను చేరాక కూడా ఇంకా గంట టైము మిగులుతుంది. అది నాకు తెలుసు. నాకు కావలసింది రైలు కాదు, వాదన నెగ్గడం. బావ కాలు కింద ఆనించి, ఒకసారి రాయి వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సర్లే, ఇయాల నువ్వే నెగ్గు" అన్నాడు. తరవాత రాయి వైపు తిరిగి, "కుర్రోడు తొందర్లో ఉన్నాడే తల్లీ, ఏటనుకోకు" అని గేరు వేశాడు. ఆ కుర్రాడికి అప్పటికి యాభై మూడు.

పది నిమిషాలు కూడా కాలేదు. ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి టైరు పంచరై రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక దీపం లేదు, కొమ్మ అడ్డం పెట్టలేదు. మంచులో కనపడలేదని తరవాత అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ కనపడింది. బావ చూశాడు. ఆయన భుజం మీంచి నేనూ చూశాను. ఆపడానికి చాలినంత దూరం ఉంది. బ్రేకు మీద ఆయన కుడిచేతి వేళ్ళు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. "ఒరే, ఏళ్ళు ముడవడం లేదురా" అన్నాడు. భయంతో కూడా కాదు, ఆశ్చర్యంతో. కాలి బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కాడు. మంచుకి తడిసిన రోడ్డు మీద వెనక చక్రం జారి బండి అడ్డం తిరిగింది. నేను పక్కనున్న బురదలో పడ్డాను, మోచెయ్యి గీరుకుంది, అంతే. బావ తల ట్రాలీకి కొట్టుకుని హెల్మెట్ బీట తీసింది. తల దక్కింది. కుడిచెయ్యి హ్యాండిలుకీ ట్రాలీ ఇనుముకీ మధ్య ఇరుక్కుంది.

ఆస్పత్రికి మా అక్క ఆటోలో వచ్చింది. వస్తూనే ఆవిడ అడిగిన మొదటి మాట దెబ్బ గురించి కాదు. "గెడ్డ కాడ ఆగినారా?" అంది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పే అవసరం లేకుండా బావే అందుకున్నాడు. "ఆగినామే. గడ్డి కాల్చినాం, దణ్ణమెట్టినాం. ముందు కూసిన్ని నీళ్ళియ్యి" అన్నాడు. ఆవిడ నీళ్ళ కోసం తిరగ్గానే నా వైపు చూసి కన్ను గీటాడు. ఆగలేదని తెలిస్తే అక్కా, అక్కతో పాటు పది ఊళ్ళూ నన్ను బతకనివ్వవని ఆయన భయం. చెయ్యి నలిగి, మొహం పాలిపోయి, ఆ స్థితిలోనూ ఆయన కాపాడింది నన్ను. నిజం కోసం బతుకుతున్నానని చెప్పుకునే నేను ఆ అబద్ధం నీడలోకి నిశ్శబ్దంగా జరిగి కూర్చున్నాను. పైగా సాయంత్రానికి చూడవచ్చినవాళ్ళంతా, "నువ్వు పెట్టించిన కుండే కాసింది బాబూ, నీ వల్ల మనిషి దక్కినాడు" అని నా చేతులు పట్టుకున్నారు. పట్టుకోనిచ్చాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. రెండు నెలల తరవాత టీచరమ్మ వాళ్ళ ఊళ్ళో సభ. బావ కూడా వస్తానన్నాడు. కట్టుతో ఉన్న చేతిని మెడకి తగిలించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ వేడెక్కాను. చప్పట్లు నాకు కల్లు లాంటివి. "అదిగో మా బావ! గెడ్డ దగ్గర ఆగాడు. గడ్డి కాల్చాడు. దండం పెట్టాడు. పది నిమిషాల్లో చెయ్యి నలిగిపోయింది. వెచ్చగా చలి కాచుకున్న ఆ తల్లి ఏం చేసింది? చెప్పండి, ఏం చేసింది?" అన్నాను. సభ ఊగిపోయింది. బావకి రెండు చేతులూ కలపడం కుదరదు కనుక, ఎడం చేత్తో తొడ మీద తట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, "బాగా సెప్పినావురా. నాకే నిజమనిపించింది" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఎంత తేలికగా ఉండేది! ఆ ఉదాహరణని తరవాత వ్యాసంలోనూ రాశాను.

మరుసటి ఏడు నూర్పులకి ఆయనతో ఒక కళ్ళానికి వెళ్ళాను. చెప్పులు విడిచి, ఎప్పటిలాగే కుడిచెయ్యి రాశిలో దూర్చాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక క్షణం కాదు, చాలాసేపు. రైతు బీడీ ఆర్పేసి చూస్తున్నాడు. చూపుడువేలికీ నడిమివేలికీ స్పర్శ రాదని డాక్టరు ముందే చెప్పాడు, బావ నమ్మలేదు. చెయ్యి బయటికి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మిషను తెండ్రా" అన్నాడు. ఆ ఏడాది నుంచి ఆయన దగ్గరకి వచ్చే రైతులు మర్యాదగానే వస్తున్నారు, మర్యాదగానే వేరే వ్యాపారికి అమ్ముకుంటున్నారు.

ఇక మా అక్క. ఆగి, దండం పెట్టినా భర్త చెయ్యి పోయిందని నమ్మిన మనిషి. గెడ్డమ్మని పూర్తిగా వదిలేసింది. ఆ వంతెన మీద వెళ్తే మొహం అవతలికి తిప్పుకునేది. పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా, "కాల్చినోళ్ళకే దిక్కులేదు, గడ్డి దండగ" అని చెప్పేది. నా ఉపన్యాసాల కన్నా ఆవిడ మాట దూరం వెళ్ళింది. కొత్త రోడ్డు పడి బండ్ల వేగం పెరగడం కూడా కలిసొచ్చింది. రెండు మూడు చలికాలాల్లో గెడ్డ దగ్గర మంట ఆరిపోయింది. నేను దాన్ని నా విజయాల్లో రాసుకున్నాను. అబద్ధపు సాక్ష్యంతో ఒక మనిషి నమ్మకం మార్చడం కన్నా మూఢత్వం ఇంకోటి ఉంటుందా? ఇదే పని ఎవరైనా స్వామీజీ చేస్తే నేను ఎంత పెద్ద వ్యాసం రాసేవాణ్ణి!

ఇవాళ టీచరమ్మ మేడ ఎక్కాక, కాఫీ కూడా తాగకుండా అక్క ఇంటికి నడిచాను. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. బావ ఎండలో కుర్చీ వేసుకుని ఎడం చేత్తో పళ్ళు తోముకుంటున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. చేట ఆగింది.

"అయితే ఆగలేదా?"

"ఆగలేదు. నేనే ఆగనివ్వలేదు."

"గడ్డి కాలడానికి ఎంతసేపు పడతాదిరా?"

"రెండు నిమిషాలు."

"రైలుకి టైమెంత ఉన్నాది?"

"గంట."

అక్క చేట కింద పెట్టింది. "ఆరేళ్ళురా! ఆరేళ్ళు ఆ తల్లి మీద అలిగినాను. నా మొగుడు నీకు సలి కాస్తే ఆడి సెయ్యే తీసుకుంటావా అని నోటికొచ్చినట్టు తిట్టినాను. అలగాల్సినోడు ఇక్కడే కూకుని నా సేత కాఫీలెట్టించుకుని తాగినాడు."

బావ నోరు కడుక్కుని, "ఊరుకోవే. పేపరుకి ఒక్కపూటలో రాసీవోడికి ఇంట్లో సెప్పడానికి ఆరేళ్ళు పట్టింది. బరువైన మాట గదా" అన్నాడు.

"నువ్వు మాటాడకు. మొదటబద్ధం నీదే" అంది అక్క. బావ తలదించుకున్నాడు. ఆయన తలదించుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు, అదీ నా మూలంగానే.

క్షమించమని అడగబోయాను. అక్క అడగనివ్వలేదు. "నీ ఉపన్యాసం ఎంతమంది ఇన్నారురా?"

"రెండు వందల మంది ఉంటారు."

"పేపర్లో సదివినోళ్ళు?"

"తెలీదు."

"మరి నాకొక్కదానికి సెప్పీసి తేలిపోదామనుకుంటన్నావేటి? ఎల్లు. ఆళ్ళందరికీ సెప్పి రా. అప్పుడు నేను అలగాలో మానాలో సూసుకుంటాను." చేట మళ్ళీ అందుకుంది. కాఫీ ఇవ్వలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. రాయికి చలి వేస్తుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను, రేపు ఎవరైనా వాదానికి వస్తే మళ్ళీ వాదిస్తాను. కానీ హేతువాది అన్నవాడు అడగవలసిన మొదటి ప్రశ్న నేను అడగలేదు: ఆ మంట ముందు అరచేతులు చాపి నిలబడుతున్నది ఎవరు? సరిగ్గా సగం దారిలో, మంచు ఎక్కువగా దిగే చోట, ఇంజను ఆపి, రెండు నిమిషాలు వేళ్ళు కాచుకుని వెళ్ళమంటే ఏ మగాడూ వినడని ఎవరికో ఎప్పుడో తెలిసింది. తల్లికి చలి వేస్తోందంటే విన్నారు. నేను ఆ తల్లిని తీసేసి, ఆమె స్థానంలో కనీసం ఒక చేతి తొడుగుల జత కూడా పెట్టలేదు. ఆ రోజు మిగిల్చిన రెండు నిమిషాల్ని ఎక్కడ వాడుకున్నానో నాకు తెలియదు, రైలు కూడా ఎక్కలేదు. ఆ తరవాతి ఆరేళ్ళలో ప్రతి నిమిషం ఎక్కడికి పోయిందో మాత్రం తెలుసు.

నా ఉదాహరణని విన్నవాళ్ళూ, చదివినవాళ్ళూ, నన్ను నమ్మి ఇంకొకరికి చెప్పినవాళ్ళూ, చెప్పినచోటికి వెళ్ళి అది అబద్ధమని చెప్పండి. రేపు చీకటితో బండి తీసేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోండి, సగం దారిలో ఎక్కడో ఒకచోట ఇంజను ఆపండి. గడ్డి కాలుస్తారో, టీ గ్లాసు పట్టుకుంటారో, చంకల్లో చేతులు దూర్చుకుంటారో, దండం పెడతారో మానతారో మీ ఇష్టం. పిడికిలి పూర్తిగా ముడుచుకునేదాకా బండి ఎక్కకండి. వెనక కూర్చున్నవాడు తొందరపెడితే, వాడు ఎంత చదువుకున్నవాడైనా, ఎన్ని సభల్లో మాట్లాడినవాడైనా, వాణ్ణి అక్కడే దింపేయండి.